సూర్యునిలో తుపాను, పొలములో తగవు



ఇటీవల ఒక గ్రామమున జరిగిన తగవు నా చెవిని పడినది. ఒక రైతు తన మొక్కజొన్న చేనికి డ్రోను చేత కలుపుమందు కొట్టించెను. ఆ మందు గట్టు దాటి ప్రక్క రైతు మినుముపై పడి, గట్టు పొడవునను నాలుగైదు సాళ్ల పైరు మాడిపోయెను. ఇద్దరును పెద్దమనుషుల యొద్దకు పోయిరి. డ్రోను నడపిన యువకుని పిలిపించి అడుగగా, "తప్పు నాది కాదు, యంత్రముది కాదు. ఆనాడు సూర్యునిలో తుపాను లేచినది. అందుచేత జీ.పీ.యస్. తప్పినది" అని చెప్పెనట. పెద్దమనుషులు ఒకరి మొగ మొకరు చూచుకొనిరి. సాక్ష్యమునకు సూర్యుని పిలువజాలరు గదా! వారిలో ఒకరు నన్ను కలిసినప్పుడు, "అయ్యా, ఇట్లు జరుగుట కలదా? లేక పల్లెటూరివారమని మమ్ము మభ్యపెట్టుచున్నాడా?" అని అడిగిరి.

ఆ ప్రశ్నకు కలదనియు లేదనియు ఒక్క మాటలో చెప్పుట న్యాయము కాదు. సూర్యుని తుపానులు కల్ల కావు. వాని వలన కొలతలు తప్పుట కూడ కల్ల కాదు. కాని లోకమున జరుగు ప్రతి తప్పును సూర్యునిపై మోపుట తగదు. ఏది సూర్యుని వలన, ఏది మన వలన అని వేరు చేసి చూచుట యెట్లో ఈ పూట మీకు మనవి చేయుదును.

సూర్యుడు మన కొలతలలో వేలు పెట్టుట నేటి మాట కాదు. 1802వ సంవత్సరమున విలియం లాంబ్టన్ అను సైనికాధికారి మద్రాసు చెంత పరంగికొండ సమీపమున సుమారు ఏడున్నర మైళ్ల పొడవుగల ఒక రేఖను కొలిచెను. ఈ దేశమంతటిని కొలిచిన మహాత్రికోణమితి సర్వేకు అదియే పునాది. కొలిచినది నూరడుగుల ఉక్కుగొలుసుతో. ఎండవేడికి ఉక్కు సాగునని ఆయన యెరుగును. కావున గొలుసును కొయ్యపెట్టెలలో పరచి, వానియందు ఉష్ణమాపకము లుంచి, ఎంత వేడికి ఎంత సాగెనో లెక్కగట్టి, ఆ మేరకు కొలతను దిద్దుకొనెను. గొలుసు సాగునని గొలుసును పారవేయలేదు. సాగదని బొంకనూ లేదు. ఈ మాట మనస్సున నుంచుకొనుడు. చివర మరల దీని యొద్దకే వత్తుము.

ఇప్పటి గొలుసు ఉక్కుది కాదు. అమెరికావారి జీ.పీ.యస్. ఉపగ్రహములు ముప్పదికి పైగా, నేలకు సుమారు 20,200 కిలోమీటర్ల యెత్తున భూమిని చుట్టివచ్చుచున్నవి. రష్యావారికి గ్లోనాస్, ఐరోపావారికి గెలీలియో, చైనావారికి బైడూ, మనకు నావిక్ అనునవియు ఇట్టివే. ప్రతి ఉపగ్రహమునందును మిక్కిలి నిక్కమైన గడియారము గలదు. "నేనిచ్చట నున్నాను, నా గడియారమున వేళ యింత" అని అది రేడియో తరంగముల ద్వారా ఎడతెగక చాటుచుండును. ఆ చాటింపు ఎంత ఆలస్యముగా చేరినదో చూచి, డ్రోనులోని చిన్న పరికరము ఆ ఉపగ్రహ మెంత దూరమున నున్నదో లెక్కగట్టును. నాలుగు ఉపగ్రహముల దూరములు తెలిసినచో తానున్న తావు తెలియును. రేడియో తరంగము సెకనునకు సుమారు మూడు లక్షల కిలోమీటర్లు పోవును. అనగా సెకనులో నూరుకోట్లవ వంతు కాలము తప్పినచో నేలమీద ఒక అడుగు తప్పును. కాలమున వీసము తప్పినను క్షేత్రమున గట్టు తప్పునన్న మాట.

ఆ తరంగము మన యొద్దకు వచ్చు దారిలో ఒక ఏరు దాటవలసి యున్నది. నేలకు సుమారు ఎనుబది కిలోమీటర్ల పైనుండి వేయి కిలోమీటర్ల వరకు వ్యాపించిన పలుచని గాలిని సూర్యకిరణములు చీల్చి, విద్యుత్కణములతో నింపుచుండును. దానిని శాస్త్రజ్ఞులు అయనావరణ మందురు. రేడియోకు ఇది పాత చుట్టమే. దూరదేశముల హ్రస్వతరంగ ప్రసారములు ఈ పొరకు తగిలి మరలివచ్చుట చేతనే సముద్రములు దాటి మన ఇండ్లలో వినబడుచున్నవి. ఉపగ్రహపు తరంగము దీనిని చీల్చుకొని రాగలదు. కాని నీటిలో ముంచిన కర్ర వంగినట్లు కనబడు రీతిగా, ఈ పొరలో దాని నడక మారి, చాటింపు కొంత ఆలస్యముగా చేరును. మామూలు దినములలో సయితము ఈ ఆలస్యము కొన్ని మీటర్ల దూరమునకు సమానము. పరికరములు ఒక సగటు లెక్క చొప్పున దానిని తగ్గించుకొనును. ఏటిలో నీరు ఎప్పటివలె పారుచున్నంత కాలము ఆ లెక్క సరిపోవును. వరద వచ్చిననాడు సరిపోదు.

ఆ వరదయే సౌరతుపాను. సూర్యబింబముపై నల్లని మచ్చలు సుమారు పదునొకండేండ్ల కొకసారి హెచ్చి, మరల తగ్గుచుండును. ఆ మచ్చల కడ గొప్ప జ్వాలలు లేచును. జ్వాల వెలుగు ఎనిమిది నిమిషములలో మనలను చేరును. ఒక్కొక్కప్పుడు జ్వాలతోపాటు కోట్లకొలది టన్నుల విద్యుత్కణరాశి కూడ బయలుదేరి, ఒకటి మొదలు మూడు దినములలో భూమిని తాకును. అప్పుడు భూమి అయస్కాంతక్షేత్రము కల్లోలమగును, అయనావరణము కలకబారును.

1859 సెప్టెంబరు 1వ తేదీన రిచర్డు కారింగ్టన్ అను ఆంగ్ల జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు ఇట్టి జ్వాల నొకదానిని కన్నులార చూచెను. పదునెనిమిది గంటలు తిరుగకమునుపే తుపాను భూమిని తాకెను. ఐరోపా అమెరికాలలో తంతి తీగెలు చెడి వార్తలు నిలిచిపోయినవి. బొంబాయి కొలాబా వేధశాలలోని అయస్కాంత పరికరములును ఆ అలజడిని గుర్తించినవి. 1989 మార్చి 13న మరియొక తుపాను కెనడాలోని క్విబెక్కు రాష్ట్రమును తొమ్మిది గంటలపాటు చీకటిలో ముంచెను. 2022 ఫిబ్రవరిలో అంత గొప్పది కాని తుపానొకటి పైగాలిని వేడెక్కించి చిక్కన చేయగా, అమెరికాలో అప్పుడే పైకి పంపిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహములలో నలుబది వరకు క్రిందికి జారి నశించెను.

మన ప్రశ్నకు అన్నిటికన్న దగ్గరైనది 2024 మే 10వ తేదీ తుపాను. 2003 తరువాత అంత తీవ్రమైనది మరియొకటి రాలేదు. లదాఖులోని హాన్లే కడ ఆకాశము ఎర్రబారుట మనవారే చూచిరి. అమెరికా మధ్యరాష్ట్రములలో అది మొక్కజొన్న విత్తు కాలము. అచ్చటి పెద్ద ట్రాక్టర్లు ఉపగ్రహముల ఆధారమున, రెండంగుళములైన తప్పక, వాటంతట అవియే సాలు పట్టి నడచును. ఆ సాయంకాలము వాని లెక్కలు చెదరినవి. పలువురు రైతులు పని నిలిపివేసిరి. నిలుపక విత్తినవారికి మరియొక చిక్కు కలదు. తుపాను ఒకటి రెండు దినములలో పోవును. వంకరగా విత్తిన సాలు పంట కోయువరకు వంకరగనే యుండును. తరువాత మందు కొట్టుటకు వచ్చు యంత్రము సరియైన లెక్కతో వచ్చి మొక్కలనే త్రొక్కును. తప్పు పుట్టినది ఒక్క గంటలో. నిలిచినది ఒక పంటకాలము. ఈ తీరు భూమి కొలతలకు మరింత వర్తించును.

ఇక మన దేశపు సంగతి వేరు. అయస్కాంత భూమధ్యరేఖ మన ద్వీపకల్పపు దక్షిణాగ్రము మీదుగా పోవుచున్నది. మనవారు తుంబాను రాకెట్టు కేంద్రముగా ఎంచుకొనుటకు ఇదియే ముఖ్య కారణము. ఈ రేఖ కిరుప్రక్కల నున్న దేశములపై అయనావరణము లోకమున మరెచ్చటను లేనంత దట్టముగా నుండును. ప్రొద్దు గ్రుంకిన పిమ్మట అందులో పెద్ద బుడగలవంటి ఖాళీలు పుట్టి పైకి లేచును. వాని గుండా వచ్చిన తరంగము నక్షత్రమువలె మిణుకుమిణుకు మనును. పరికరము ఒక్కొక్క ఉపగ్రహమును పట్టుకొనును, విడిచిపెట్టును. మచ్చలు హెచ్చిన సంవత్సరములలో, ముఖ్యముగా రాత్రింబవళ్లు సమమగు ఫాల్గుణ చైత్రములందును, భాద్రపద ఆశ్వయుజములందును, రాత్రి ఏడెనిమిది గంటల నుండి నడిరేయి దాక ఈ బాధ హెచ్చు. తిరుపతి చెంత గాదంకిలోని రాడారు ఈ బుడగలను కనిపెట్టి చూచుచున్నది. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తున అయనావరణ పరిశోధన ఎన్నో దశాబ్దములుగా సాగినది.

ఇందు గమనింపదగిన విశేష మొకటి యున్నది. డ్రోను నడపువారు తమ ఫోనులో "కేపీ" అను ఒక అంకెను చూచుకొందురు. భూమి అయస్కాంతపు అలజడిని సున్న మొదలు తొమ్మిది వరకు తెలుపు అంకె యది. అయిదు చేరినచో తుపాను. అది మంచి గురుతే. కాని ఆ అంకె లోకమునకంతకు ఒక్కటి. మూడు గంటల కొకసారి కట్టునది. మన దేశమున రాత్రి బుడగలు తుపాను లేని ప్రశాంత దినములందును పుట్టును. పైగా కొన్ని తుపానులు వానిని పుట్టకుండ చేయును! కావున మనకు ఆ అంకెకన్న గడియారమును పంచాంగమును ముఖ్యము. చలిదేశములవారి హెచ్చరికను వల్లించినంత మాత్రమున మనకు చాలదు.

డ్రోను మాటకు వత్తము. పొలమున మందుకొట్టు డ్రోనులు పైరుపై రెండు మూడు మీటర్ల యెత్తున ఎగురును. వానిలో పెక్కింటికి, సర్వేవారి రోవర్లకును, ఒక స్థిరకేంద్రపు సాయముండును. ఆ కేంద్రము తానున్న తావును ముందే నిక్కముగా నెరిగి యుండుటచే, "ఈ క్షణమున ఆకాశము కొలతను ఇంత తప్పించుచున్నది" అని చెప్పుచుండును. ఆ మాట విని దిద్దుకొన్న యంత్రము ఒకటి రెండు అంగుళములలోపు నిక్కముగా నుండును. అయితే ఇందొక నమ్మక మిమిడి యున్నది: కేంద్రముపై నున్న ఆకాశమే యంత్రముపైనను ఉన్నదని. మామూలు దినములలో అది సత్యము. తుపాను నాడు రెండింటి నడుమ ఆకాశము మారిపోవును. పొరుగూరి వాన చూచి మన చెరువు లెక్క చెప్పినట్లగును. అప్పుడు అంగుళముల నిక్కము పోయి, యంత్రము మీటర్ల మేరకు దిగజారును. చౌక పరికరములకు అంతకు మించియు తప్పవచ్చును. ఉపగ్రహములు బొత్తిగా తప్పిపోయినచో, డ్రోను తన యెత్తును నిలుపుకొనగలదు గాని తావును నిలుపుకొనజాలదు, గాలివాటున కొట్టుకొనిపోవును. దానిలోని దిక్సూచి మాట యేమన్నచో, మన సీమలలో గొప్ప తుపానైనను ముల్లును డిగ్రీలో కొద్ది భాగము మాత్రమే కదల్చును. దగ్గర నున్న ఇనుప రేకుల కొట్టమే దాని నంతకన్న హెచ్చుగా చెరుపును.

కావున సూర్యుడు కారణమని ఎవరైన చెప్పినప్పుడు పెద్దలు నాలుగు ప్రశ్నలు వేయవలెను.

మొదటిది: ఏ తేదీ, ఏ వేళ? తుపానుల తేదీలను లోకమంతటను వ్రాసి యుంచుచున్నారు, అవి దాగవు. తుపాను లేని నాటి పగలు జరిగిన దానికి రాత్రి బుడగలు కారణము కానేరవు.

రెండవది: ఆనాడు చుట్టుప్రక్కల ఎవరికైన ఇట్లు జరిగినదా? సౌరతుపాను ఒక్క చేనిని వెదకికొని రాదు. వచ్చినచో జిల్లాలు జిల్లాలే కలతపడును. నీ చేనిలో తప్పి, వాగు కావలి చేనిలో తప్పకపోయినచో అది సూర్యుని పని కాదు.

మూడవది: యంత్ర మేమి వ్రాసుకొన్నది? ప్రతి మంచి డ్రోనును ఎన్ని ఉపగ్రహములు అందినవో, తావు ఎంత నిక్కమో, ఎచ్చట ఎగిరినదో క్షణక్షణమును వ్రాసి యుంచును. అది ఆ యంత్రపు దస్తావేజు. దానిని చూపుమని అడుగుట మీ హక్కు.

నాలుగవది: గాలి ఎటు వీచినది? చెట్లు, తీగెలు, రేకుల కొట్టములు దగ్గర నున్నవా? మందుతుంపర మిక్కిలి సన్నము. డ్రోను గట్టునకు ఇవతలనే యున్నను తుంపర గాలితో అవతలికి పోవును. చెట్ల గుబురు ఉపగ్రహములను మరుగుపరచును. నిత్యము జరుగు తప్పులలో హెచ్చుభాగము ఇట్టివే.

ఇంతకన్న బరువైన సంగతి భూమి కొలత. మందు పడి పోయిన పైరు ఒక పంట నష్టము. గట్టు తప్పి పడిన రాయి తరతరముల నష్టము. 2020 డిసెంబరులో ఆంధ్రదేశమున మొదలైన భూముల పునఃసర్వేలో డ్రోనులను, రోవర్లను విరివిగా వాడిరి. ఈ పరికరములను అనుమానింపుమని నేను చెప్పుట లేదు. చక్కగా వాడినచో పాత గొలుసుకన్న ఇవి ఎన్నియో రెట్లు మేలు. చక్కగా వాడుట యన నేమో మీ రెరిగి యుండవలెనని మాత్రమే నా మనవి. రోవరు తెరపై "ఫిక్స్" అని యున్నప్పుడే కొలత కొలత. "ఫ్లోట్" అని యున్నప్పుడు అది ఊహ. ముఖ్యమైన మూలలను ఒకే పూట కొలిచి విడువక, వేరొక వేళ మరల కొలువవలెను. ఉపగ్రహములు చోట్లు మారి, ఆకాశము మారిన తరువాతను రెండు కొలతలు ఏకీభవించినచో నమ్మవచ్చును. ఎవరికిని వివాదము లేని పాత రాతిని మొదట కొలిచి, లెక్క సరిపోవునో లేదో చూడవలెను. పాత రాళ్లను పెరికివేయరాదు. అవి సూర్యుడు కదల్పలేని సాక్షులు.

మనదేశము ఈ విషయమున చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. విమానములకు దారి చూపుట కొరకు ఇస్రోవారును విమానాశ్రయ ప్రాధికార సంస్థవారును కలిసి గగన్ అను ఏర్పాటును నిర్మించిరి. మన తలపై నున్న ఈ కల్లోలపు అయనావరణమును కొలిచి, తప్పును ఎప్పటికప్పుడు దిద్దుట దాని పని. సముద్రతీరమున నున్న శ్రీహరికోట నుండి 2023 సెప్టెంబరు 2న బయలుదేరిన ఆదిత్య-ఎల్1 మరుసటి యేడు జనవరి 6న తన నెలవు చేరెను. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరమున, సూర్యునివైపు నిలిచి చూచుటకే దానిని పంపిరి. వచ్చుచున్న కణరాశి భూమికన్న ముందుగా దానిని తాకును. ఆ వ్యవధి తరచు గంటకు లోపే. గంటయైనను చేతి పనిని ఆపుకొనుటకు చాలును.

ఇక ఆ తగవు ఏమైనదో చెప్పి ముగింతును. నన్ను అడిగిన పెద్దమనిషి ఊరికి మరలి పోయి ఈ నాలుగు ప్రశ్నలును వేసిరట. మందు కొట్టినది పుష్యమాసమున ఉదయము పదిగంటల వేళ. ఆ దినమున తుపాను లేదు. అదే యువకుడు ఆ ఉదయముననే మరి రెండు చేలలో తప్పు లేకుండ కొట్టియుండెను. యంత్రము వ్రాసుకొన్న దానిలో తావు మొదటినుండి తుదివరకు నిక్కముగనే యున్నది. డ్రోను గట్టు దాటనే లేదు. దాటినది గాలి. యువకుడు తల వంచి, "గాలి సంగతి నాకు తోచలేదు. సూర్యుని మాట ఎవరో చెప్పగా విని చెప్పితిని" అని ఒప్పుకొనెనట. మాడిన పైరునకు అతడు కొంతయు, కొట్టించిన రైతు కొంతయు ఇచ్చునట్లును, ఇకమీద గట్టు ప్రక్కనున్న కొన్ని సాళ్లను డ్రోనుకు వదలక చేతిపంపుతోనే కొట్టునట్లును తీర్పు జరిగెను. యంత్రమును ఊరినుండి వెళ్లగొట్టలేదు. యువకుని జీవనము చెరుపలేదు.

లాంబ్టన్ గొలుసును ఎండకు సాగునని తెలిసియు పారవేయలేదని మొదట చెప్పితిని. ఎంత సాగునో తెలిసికొని కొలిచెను. అందుకే ఆ కొలత నిలిచినది. మన చేతికి వచ్చిన ఈ కొత్త గొలుసు కాంతితో చేసినది. ఇదియు సూర్యుని వేడిమికి సాగునదే. ఏనాడు సాగును, ఎంత సాగును, ఎప్పుడు సాగదు అని యెరిగినవానికి ఇది మంచి పనిముట్టు. ఎరుగనివాని చేతిలో ఇది ఒకనాడు నేరము చేయును, మరొకనాడు నేరమును దాచును. ఆ యెరుక పట్టణపు నిపుణుల సొత్తు కానక్కరలేదు. రచ్చబండపై కూర్చుండి న్యాయము చెప్పువారికి అది మరింత అవసరము.

సెలవు.